బిళ్ళల జంతువు వరస చెరిపింది నేనే

"సదువు రాదని నాకొక్కడికి సెప్పుంటే, నోటితోనే సెప్పి ఎల్లేవోణ్ణి గదా సెల్లీ!"

"నాకు సదువొచ్చు."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మొదటి మాట ఆయనది, రెండోది నాది. ఆఫీసు గేటు దగ్గర, పట్టపగలు. ఆయన చేతిలో గుడ్డసంచీ, అందులో సొంత డబ్బుతో కొనుక్కున్న కుంచెలూ సూదులూ. ఆ మాట అనేసి నేను లోపలికి పోయి చీపురు పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఇంకేమైనా అంటాడేమోనని భయం.

మా రాయపూర్ తెలుగు సంఘం వాళ్ళు పుస్తకం వేస్తున్నారు. పనిచేసి దిగిపోయిన వాళ్ళు ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పాలన్నారు, కొత్తగా చేరే పిల్లలకి పనికొస్తుందన్నారు. మనలో రైళ్ళు గుద్దుకోకుండా ఆపిన వాళ్ళున్నారు, ఫ్యాక్టరీలో మంట ఆర్పిన వాళ్ళున్నారు. వాళ్ళు చెప్తే బాగుంటుంది. నాది చెప్పుకునే సంగతి కాదు, చెప్పకుండా ఉండలేని సంగతి. నేను చెప్తుంటే నా కోడలు రాస్తోంది. నా పిల్లలు ఇక్కడ హిందీ బడిలో చదివారు. తెలుగు మాట్లాడతారు గాని రాయలేరు. కోడలిది పార్వతీపురం వైపు, గుండ్రంగా రాస్తుందని అందరూ అంటారు. గుండ్రంగా ఉందో వంకరగా ఉందో నాకెలా తెలుస్తుంది? నాకు సంతకం వచ్చు, బస్సు నంబరు పోల్చుకోవడం వచ్చు. అంతవరకే.

మా ఆయన రాళ్ళ ఆఫీసులో జీపు నడిపేవాడు. భూమి లోపల ఏముందో చూసే ఆఫీసు అది. దానికి పెద్ద పేరే ఉంది గాని, రాయపూర్‌లో రిక్షావాడికి రాళ్ళ ఆఫీసంటేనే తెలిసేది. ఆయన కామెర్లొచ్చి పోయాడు. నాకు ఇద్దరు పిల్లలు. ఆయన పేరు మీద నాకు చిన్న ఉద్యోగం ఇస్తామన్నారు, అయితే ఎనిమిదో తరగతి పాసయ్యుండాలన్నారు. నేను బడి గడప తొక్కలేదు. మా మరిది ఎక్కడినుంచో ఒక సర్టిఫికెట్టు పట్టుకొచ్చాడు. ఎక్కడిదని నేను అడగలేదు. నా పేరు హిందీలో ఎలా ఉంటుందో వాడు బలపంతో నేల మీద రాశాడు. ముగ్గు నేర్చుకున్నట్టు ఆ గీతలు నేర్చుకున్నాను. ఆఫీసులో పెద్దగుమస్తా, అందరూ బడాబాబు అనేవారు, "చదవడం వచ్చు కదా బాయీ?" అని అడిగితే "జీ" అన్నాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ 'జీ'ని మోస్తూ తిరిగాను. ఎవరైనా కాగితం ఇస్తే కాసేపు చూసి తలూపేదాన్ని. ఎంతసేపు చూడాలో కూడా లెక్క నేర్చుకున్నాను. మరీ తొందరగా తలూపితే అనుమానం వస్తుంది.

నాకు రాళ్ళ గది అప్పజెప్పారు. అడవుల్లోంచి గుడ్డసంచుల్లో రాళ్ళు వచ్చేవి. వాటిని కుంచెతో కడిగి, ఎండలో ఆరబెట్టి, చెక్క అరల్లో పేర్చాలి. పెద్దవి కింద, చిన్నవి పైన. నేను బాగా చేసేదాన్ని. నా గదిలో దుమ్ము ఉండేది కాదు.

ఆ గదికి ఒక మూల ఇంకొకాయన బల్ల వేసుకుని కూర్చునేవాడు. రాతిలో ఇరుక్కున్న పాతకాలం ఎముకల్ని సూదితో గీరి బయటికి తీసేవాడు. విజయనగరం పక్కవాడు, రైల్వేలో కళాసీగా చేసిన తండ్రితో చిన్నప్పుడే ఇటు వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన సెల్లీ అనేవాడు. పదకొండేళ్ళుగా దినకూలీ. పర్మినెంటు చెయ్యమని సార్ రాసిన కాగితం ఎక్కడో భోపాల్లో తిరుగుతూ ఉండేది. అప్పట్లో ఏ కాగితమైనా భోపాల్ వెళ్ళి రావలసిందే. అది వస్తే ఆయనకొక క్వార్టరు, ముసలితనానికి పింఛను. రాకపోతే ఏ రోజు వద్దంటే ఆ రోజే సంచీ సర్దుకోవడం.

సార్ అంటే మా ఆఫీసులో ఎముకలు తెలిసిన ఒకే ఒక్క మనిషి. మునుపు నర్మద వైపు పనిచేసేవాడు. అక్కడ కొండలో ఏదో దొరికితే దాన్ని గోనెపట్టాల్లో, సుద్దలో చుట్టించి, బదిలీ అయినప్పుడు తనతో రాయపూర్ తెచ్చుకున్నాడు. పెళ్ళాం పిల్లలు వెనకాల రైల్లో వచ్చారట, ఆ రాళ్ళు మాత్రం ఆయన పక్కనే లారీలో వచ్చాయి. ఆ సుద్దా ఆ రాయీ వలిచి లోపలున్నది బయటపెట్టడానికి అన్నయ్యకు రెండు ఎండాకాలాలు పట్టింది. ముందు కాలి ఎముకలు, పొట్టివి, రోకలిబండల్లా. తర్వాత బిళ్ళలు. అరచెయ్యంతవి, గచ్చకాయంతవి, మధ్యలో గూను తేలినవి. వందకు పైనే ఉంటాయి. ఆ జంతువు ఒంటి మీద చర్మంలో ఇవి పొదిగి ఉండేవట.

ఒకరోజు సార్ గీసిన బొమ్మ ఆయన బల్ల మీద ఉంటే చూశాను.

"ఏటన్నయ్యా ఇది, పనసకాయకి కాళ్ళొచ్చినట్టున్నాది?"

"పనసకాయేనే. నాలుగు కాళ్ళెట్టి, తోకెట్టి, అడవిలోకి ఒగ్గేసినాడు దేవుడు."

"మనుసుల్ని తినీసేదా?"

"మనుసులింకా పుట్టనేదు, ఏటి తింటాది? ఆకులు మేసీది. ఇదిగో పన్ను సూడు, పాలపన్ను లాగున్నాది."

"ఆకులు తినీదానికి ఒంటినిండా ఇన్ని బిళ్ళలెందుకు మరి?"

"దాన్ని తినీవోళ్ళుంటారు గదా! నువ్వు బడాబాబు మీద నోరెట్టుకుని పడిపోతావు సూడు, ఎందుకు పడతావు? అదీ బిళ్ళే."

నేను నవ్వాను. నవ్వుతూనే చేతిలో తడిగుడ్డ పెట్టి ఆ కాలిఎముకను తోమబోతే, "ఒలే, ఒగ్గీవే! సున్నిపిండెట్టి రుద్దడానికి అదేటి పెళ్ళికొడుకా?" అని గుడ్డ లాక్కున్నాడు. అలా ఉండేది మా మాట. ఆ ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు తెలియదు. ఇలాంటి జంతువులు మన దేశంలో దొరకడం తక్కువట. దొరికినా ఒక బిళ్ళ ఇక్కడ, ఒక బిళ్ళ అక్కడ. మెడ మీద ఏవి ఉండేవో, వీపు మీద ఏవో, తోక మీద ఏవో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా దగ్గర ఉన్నది చచ్చినచోటే, చచ్చినట్టే పడి ఉన్నదట. అందుకే సార్‌కి అంత ప్రాణం. అన్నయ్య ఒక్కొక్క బిళ్ళను రాతిలోంచి తీసి, పల్చటి లక్క పూసి, పెద్ద చెక్కపెట్టెల్లో పోసిన ఇసుకలో దించేవాడు, రాతిలో ఏది ఏ పక్కన ఉందో అదే వరసలో. ఒక్కొక్క దాని కింద, అది ఏ చోటిదో రాసిన చిన్న చీటీ. బిళ్ళ మీదే నంబరు వెయ్యొచ్చు కదా అని మీరంటారు. లక్క పూర్తిగా ఆరేదాకా సిరా పెడితే పాకిపోతుంది. దసరా వెళ్ళాక సార్ భోపాల్ నుంచి ఫొటో తీసేవాణ్ణీ, ఇద్దరు పెద్ద ఆఫీసర్లనూ వెంటబెట్టుకొస్తానని చెప్పి ముందే అటు వెళ్ళాడు. వాళ్ళు ఇది చూసి వెళ్ళాక అన్నయ్య కాగితం కదలడం ఖాయమన్నాడు. అదీ సంగతి.

ఆయుధపూజ రెండు రోజులుందనగా నా కూతురికి జ్వరమొస్తే, అడిగి మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళాను. నేను వెళ్ళాక అన్నయ్యకు తంతి వచ్చింది, ఊళ్ళో తల్లికి బాగాలేదని. ఆయన సాయంత్రం బండి పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్న నేను గది తలుపు తీసి, గూట్లో నా నీళ్ళగ్లాసు తియ్యబోతే దాని కింద మడతపెట్టిన కాగితం. ఆయన రాత. ఎప్పుడూ నాకు నోటితో చెప్పే మనిషి, ఆ ఒక్కరోజు నేను లేక రాసిపెట్టాడు. నాకు చదువొచ్చని నమ్మాడు. నమ్మేలా చేసింది నేనే.

పక్క గదిలో బడాబాబు ఉన్నాడు. గేటు దగ్గర చౌకీదారున్నాడు. ఎవరికి చూపించినా ఒక్క నిమిషం పని. కాగితం చేతిలో పట్టుకుని బడాబాబు గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆయన తలెత్తి, "ఏం బాయీ? సబ్ చకాచక్ హోనా చాహియే, సమఝీ? భోపాల్ సే సాహబ్ లోగ్ ఆ రహే హై" అన్నాడు. అంతా అద్దంలా మెరవాలి, పెద్దవాళ్ళొస్తున్నారని. నేను "జీ" అని కాగితం బొడ్లో దోపుకున్నాను. పండక్కి ఏమేం శుభ్రం చెయ్యాలో అన్నయ్య కూడా అదే రాసి ఉంటాడని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయుధపూజ అంటే మనవాళ్ళకు తెలుసు. అన్నం పెట్టే పనిముట్టును కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టాలి. మా ఆయన ఉన్నప్పుడు జీపుకి చేస్తుంటే చూశాను. ఆ గదిలో అన్నం పెట్టేవి ఏవి? ఆ బిళ్ళలే కదా. ఆయన ఊళ్ళో లేడు, ఆయన తరఫున కూడా నేనే, ఒకరోజు ముందుగానే చేద్దామనుకున్నాను. ప్రేమతోనే చేశానమ్మా, అది మాత్రం నిజం. ఒక్కొక్క బిళ్ళా ఇసుకలోంచి తీసి, గుడ్డతో తుడిచి, పసుపుబొట్టు, దాని మీద కుంకుమబొట్టు పెట్టాను. గోడ పక్కన బల్లలు మెట్లుగా వేసి, బొమ్మలకొలువు పెట్టినట్టు పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చాను. పెట్టెల్లో ఇసుకను జల్లెడపట్టి, చేత్తో చదును చేశాను. చీటీలు మాత్రం పారెయ్యలేదు. కాగితం సరస్వతి కదా, కాలు తగిలితే కళ్ళకద్దుకునే వాళ్ళం. అన్నీ పోగుచేసి ఒక డబ్బాలో వేసి మూత పెట్టాను. బడాబాబు వచ్చి చూసి "వాహ్!" అన్నాడు. పొంగిపోయాను.

సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తూ ఆ కాగితం నా కూతురి చేతికిచ్చాను. అప్పుడది ఆరో తరగతి. జ్వరం తగ్గి నీరసంగా ఉంది. గోడకి ఆనుకుని హిందీ చదువుతూ తెలుగులో చెప్పింది.

"చెల్లీ, అమ్మకు బాగాలేదు, వెళ్తున్నాను. ఇసుకపెట్టెలు ముట్టుకోకు. పండక్కి కూడా తుడవకు. ఏ బిళ్ళ ఎక్కడుందో అక్కడే ఉండాలి. సార్ వచ్చేదాకా గదికి తాళం వెయ్యి."

"ఇంకోసారి సదువు" అన్నాను. మళ్ళీ చదివింది. రొట్టె మాడిపోయింది. "ఏటయిందమ్మా?" అంది. "ఏటీ నేదు" అని ఆ కాగితం దాని చేతిలోంచి తీసి పొయ్యిలో పెట్టాను. చీటీలన్నీ సరస్వతి అని దాచినదాన్ని, నాకోసం ఒక మనిషి రాసిన కాగితాన్ని కాల్చాను.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళాను. బిళ్ళలు చేతిలో పట్టుకుని ఇసుకపెట్టెల ముందు కూర్చున్నాను. ఇసుకలో ఒక్క గుంట లేదు. అంత బాగా చదును చేశాను.

పన్నెండో రోజు పోయాక అన్నయ్య వచ్చాడు. గుండుతో వచ్చాడు. తల్లి దక్కలేదు. ఆ పొద్దున్నే సార్ కూడా భోపాల్ వాళ్ళతో దిగాడు. గది తలుపు నేనే తీశాను. సార్ అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. కొలువు ముందు నిలబడి, పై మెట్టు మీది చిన్న బిళ్ళను తీసి, దాని మీది కుంకుమ చూసి, "ఇది ఎక్కడిది?" అని అడిగాడు. ఇంకొకటి తీశాడు. "ఇది?" వచ్చిన పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

సార్ అన్నయ్య వైపు తిరిగాడు. "చెప్పకుండా వెళ్ళావా?"

"కాగితం రాసి పెట్టెళ్ళాను సార్. చెల్లి గ్లాసు కింద."

సార్ నన్ను చూశాడు. "కాగజ్ మిలా?"

అందరూ నా మొహమే చూస్తున్నారు. నాకు అందింది. నేను చదవలేకపోయాను. ఈ రెండు ముక్కలు చెప్తే సరిపోయేది.

"నహీ సాబ్" అన్నాను.

అన్నయ్య నావైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో లెక్క తేలనట్టు చూశాడు. బడాబాబు, శుభ్రం చెయ్యమన్న మాట తనమీదికి వస్తుందని, "దినకూలీల మాటకేముంది సర్, అప్పజెప్పకుండా పరిగెత్తాడు, ఇప్పుడు కాగితం అంటున్నాడు" అన్నాడు. చౌకీదారు చేత గదంతా వెతికించారు. నేను కూడా వెతికాను. అవును, వంగి బల్లల కింద కూడా చూశాను.

నెలాఖరు దాకా ఉండి, గుర్తున్నంతవరకు వరస పెట్టమన్నారు ఆయన్ని. ఆ పదిహేను రోజులూ ఆయన ఇసుకపెట్టె ముందు, నేను పక్కన. నేను ఒక్కొక్క బిళ్ళా అందిస్తే, ఆయన దూదితో కుంకుమ తుడిచి, కళ్ళు మూసుకుని, వేలితో దాని అంచులు తడుముకునేవాడు. "ఇది మెడకాడది... ఊఁహూఁ. తోకమొదలు. కాదే..." అని పెట్టి, మళ్ళీ తీసేవాడు. కాసిన్ని కుదిరాయి. మిగతావి కుదరలేదు. ఆయన తప్పు చెప్పడానికి ఇష్టపడలేదు. తెలియనిదాన్ని తెలియదని పక్కన పెట్టేశాడు. ఆ పక్కన పెట్టినవే ఎక్కువ. ఆ రోజుల్లోనే ఆయనకు అర్థమై ఉంటుంది. డబ్బాలో చీటీలు తీసి, ఒకటి నా ముందు పెట్టి, "ఇందులో ఏటున్నాదే?" అని మామూలుగా అడిగాడు. నేను నాకు అలవాటైన లెక్క ప్రకారం కాసేపు చూసి తలూపాను. ఆయన ఆ చీటీ తీసుకుని మళ్ళీ డబ్బాలో వేశాడు. నేను పట్టుకున్నది తలకిందులుగా ఉందేమో, ఇప్పటికీ నాకు తెలియదు.

భోపాల్ కాగితం వచ్చింది. ఆయన కేసు పనికిరాదని రాశారు. గేటు దగ్గర మాట మీకు ముందే చెప్పాను.

పిల్లల కోసం అబద్ధమాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. దొంగ సర్టిఫికెట్టు బయటపడితే ఉద్యోగం పోయేది, క్వార్టరు పోయేది, అది నిజమే. కాని 'నహీ' అన్న నిమిషంలో నాకు పిల్లలు గుర్తుకు రాలేదు. ఈవిడకు చదువు రాదటోయ్ అని చౌకీదారు నవ్వుతాడే, అదొక్కటే కనపడింది. ఒక మనిషి పదకొండేళ్ళ కూలీని ఆ నవ్వు తప్పించుకోవడానికి ఖర్చు పెట్టాను.

తర్వాత ఒక్కసారి చూశాను ఆయన్ని. గుఢియారీలో రైలుపట్టాల పక్క రైస్‌మిల్లు ముందు బస్తాల మూతులు కుడుతున్నాడు. పిడికిలంత సూదితో. ఎముక మీద ఇసుకరేణువు ఎత్తే సూది పట్టిన చెయ్యి అది. నేను కొంగు మొహానికి లాక్కుని వెనక్కి తిరిగి, ఇంకో సందులోంచి ఇంటికి పోయాను. ఆ తర్వాత ఆ బజారుకి కూరలకి కూడా వెళ్ళలేదు. ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు.

చదువు నేర్చుకోలేదా అని అడుగుతారు. వయోజనుల బడి మా వీధి చివరే పెట్టారు. పలక పట్టుకుని అక్కడికి వెళ్తే రాదని ఒప్పుకున్నట్టే కదా! నా రిటైర్మెంటు రోజు శాలువా కప్పి, దండ వేసి, కొత్త బడాబాబు లేచి "ఈమె ఉన్నన్నాళ్ళు ఒక్క రాయి కూడా చోటు తప్పలేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నమస్కారం పెట్టి కూర్చున్నాను. సార్ అప్పటికే వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆ జంతువు ఎలా ఉండేదో ఇప్పటికీ పూర్తిగా తెలియదట. పనసకాయ లాంటిదని చెప్పగలను. బిళ్ళలు పెట్టెల్లోనే ఉన్నాయి, మెడవో తోకవో తెలియకుండా.

కొత్తగా చేరే పిల్లలకి ఏం చెప్పమంటారు? రానిదాన్ని రాదని చెప్పండని చెప్పాలి. అది అందరూ చెప్తారు. నేను చెప్పేది ఇంకొకటి. తప్పు చేసిన రోజున చెప్పలేకపోతే మర్నాడు చెప్పండి. మర్నాడు కాకపోతే గేటు దగ్గరైనా చెప్పండి. నాకు మూడు సార్లు అవకాశమొచ్చింది.

కోడలు కలం ఆపింది. "ఇది రాయాలా అత్తయ్యా? పుస్తకంలో వస్తుంది, మనవాళ్ళందరూ చదువుతారు" అంటోంది. రాయమ్మా. ఈ వాక్యం కూడా రాయి, విడిగా, కొత్త లైనులో రాయి.

ఆ రోజు కాగితం గ్లాసు కిందే ఉంది, నాకు అందింది, ఆయన రాసిందంతా సరిగ్గానే రాశాడు.

అయింది. ఇప్పుడు మొదటినుంచీ చదివి వినిపించు. నామీద జాలితో ఎక్కడైనా మెత్తగా రాసుంటే ఆపుతాను, నీ గొంతులో తెలిసిపోతుంది నాకు. అదిగో, ఆ విడిగా రాసిన లైను దగ్గరికి వచ్చేసరికి తొందరపడకు. అక్కడ మెల్లగా చదువు. ఊఁ, మొదలుపెట్టు.